9/12 దగ్గర ఆగిపోయే లెక్క: భిన్నాల కనిష్ఠ రూపంపై ఒక కేస్ స్టడీ

చిత్తూరులో ఏడో తరగతి చదివే అమ్మాయి కేసు ఇది. పన్నెండో ఎక్కం దాకా తడుముకోకుండా చెబుతుంది. భాగహారంలో పెద్దగా తప్పులు రావు. భిన్నాల గుణకారం, కూడిక పద్ధతులు కూడా తెలుసు. అయినా జవాబును కనిష్ఠ రూపంలో, అంటే పైనా కిందా ఒకే సంఖ్యతో ఇక భాగించలేని రూపంలో, రాయమన్న చోటల్లా మార్కులు పోతున్నాయి. ఇంట్లోవాళ్ల మాట "అజాగ్రత్త". బడిలో చెప్పింది "ప్రాక్టీసు చాలదు". రెండూ కావని మొదటి పేపరులోనే తేలింది. అజాగ్రత్త వల్ల వచ్చే తప్పు ఒక్కోసారి ఒక్కో రకంగా ఉంటుంది. ఈ అమ్మాయి తప్పులు మాత్రం ఎప్పుడూ ఒకే చోట, ఒకే తీరులో వస్తున్నాయి. అట్లా వచ్చే తప్పు వెనుక ఎప్పుడూ ఏదో ఒక రూలు ఉంటుంది. ఆ రూలు పిల్లలు సొంతంగా తయారు చేసుకున్నదై ఉంటుంది, కొన్నిసార్లు మనమే నేర్పినదీ అయి ఉంటుంది.

పేపరు ఎలా పెట్టాలి, ఏం బయటపడింది

లోపం వెతకడానికి పెట్టే పేపరు పరీక్ష పేపరులా ఉండకూడదు. పది లెక్కలు చాలు, కానీ ఒక్కో లెక్క ఒక్కో తప్పును పట్టేలా ఉండాలి. పెన్నుతోనే రాయించాలి, రబ్బరు వద్దు. కొట్టేసేటప్పుడు ఏం చేస్తోందో బయటికి చెప్పించాలి. ఈ చివరిది అన్నిటికంటే ముఖ్యం. కాగితం మీద ఒకేలా కనిపించే రెండు గీతల వెనుక పూర్తిగా వేరు వేరు ఆలోచనలు ఉండొచ్చు, అవి నోటితో చెప్పిస్తేనే తెలుస్తాయి.

36/48 ఇస్తే 18/24 చేసింది, దాన్ని 9/12 చేసింది, అక్కడ ఆపేసింది. "ఎందుకమ్మా ఆపేసినావు?" అంటే "తొమ్మిది రెండుతో పోదు గద సార్" అంది. 45/75 ఇస్తే అయిదుతో కొట్టి 9/15 దగ్గర ఆగింది. ఏ ఎక్కంతో మొదలుపెట్టిందో ఆ ఎక్కం అయిపోతే లెక్క కూడా అయిపోయినట్టే.

7/21కి జవాబు 3 అని రాసింది. "పైన ఏడుకు ఏడు పోయింది, ఏమీ మిగల్లేదు. అందుకే కింది మూడు రాసినా." ఏడును ఏడుతో భాగిస్తే 1 వస్తుందని ఆమెకు తెలుసు, విడిగా అడిగితే వెంటనే చెప్పింది. కానీ గీత గీసేటప్పుడు ఆమె భాగించడం లేదు, చెరిపేస్తోంది. చెరిపేస్తే మిగిలేది ఖాళీయే, 1 కాదు.

8/15కి 4/5 అంది. ఎనిమిది రెండో ఎక్కంలో పోయింది, పదిహేను మూడో ఎక్కంలో పోయింది. పైకి ఒక ఎక్కం, కిందికి ఒక ఎక్కం. 8/15 అప్పటికే కనిష్ఠ రూపంలో ఉందన్న ఆలోచనే రాలేదు. "లెక్క ఇచ్చినారంటే పోవాల గద సార్?" అంది. దీనికి కారణం మన అభ్యాసాల్లోనే ఉంది. కనిష్ఠ రూపంలోకి మార్చమని ఇచ్చే లెక్కల్లో మారని భిన్నం దాదాపు ఎప్పుడూ ఉండదు. నిజానికి ఎంపిక లేకుండా రెండు పెద్ద సంఖ్యలు తీసుకుంటే, వాటికి 1 తప్ప వేరే ఉమ్మడి కారణాంకం లేకుండా ఉండే అవకాశం సుమారు 61 శాతం. అంటే తగ్గని భిన్నాలే ఎక్కువ, పిల్లలకు పేపర్లలో కనిపించేది మాత్రం దానికి పూర్తిగా తలకిందులు.

105/205కి మధ్య సున్నాలు కొట్టేసి 15/25, ఆపై 3/5 చేసింది. 100/250 ఇచ్చినప్పుడు చివరి సున్నాలు కొట్టి 10/25, తర్వాత 2/5 అని సరిగ్గానే చేసింది. "సున్నాకు సున్నా కొట్టు" అని ఎవరో చెప్పిన మాటను అక్షరాలా పాటించింది. చివరి సున్నా తీసేయడం అంటే 10తో భాగించడం. మధ్యలో సున్నా తీసేస్తే ఏ సంఖ్యతోనూ భాగించినట్టు కాదు. 105/205 సరైన జవాబు 21/41.

ఇక 16/64. ఇక్కడ పైన ఆరు, కింద ఆరు కొట్టేసి 1/4 అంది. జవాబు సరైనదే! పేపరు దిద్దేవాళ్లు టిక్కు పెట్టి వెళ్లిపోతారు. ఇట్లా అంకెలు కొట్టేసినా జవాబు సరిగ్గా వచ్చే రెండంకెల భిన్నాలు (1 కంటే చిన్నవాటిలో, సున్నాలున్నవీ 11/22 లాంటివీ వదిలేస్తే) నాలుగే ఉన్నాయి: 16/64, 19/95, 26/65, 49/98. చివరిదాంట్లో 4/8 వస్తుంది, అది 1/2 కాబట్టి విలువ నిలుస్తుంది. లోపం పట్టే పేపరులో ఈ నాలుగింటిలో ఒకటి పెట్టడం మంచిదే, కానీ నోటితో చెప్పించేటట్టయితేనే. మామూలు పరీక్ష పేపరులో మాత్రం ఇవి ఉండకూడదు. తప్పుడు పద్ధతికి మార్కులు వేస్తే పిల్లలకు అది రుజువైపోతుంది. ఈ అమ్మాయి చేత వెంటనే 17/74 కూడా చేయించాం. ఏడుకు ఏడు కొట్టేసి మళ్లీ 1/4 అంది. "నాలుగో వంతు అంటే పైదానికి కింది సంఖ్య నాలుగింతలు ఉండాల. పదిహేడుకు నాలుగింతలు ఎంత?" అంటే 68 అని చెప్పి, కింద 74 చూసి ఆగిపోయింది. అంకెలు కొట్టే అలవాటు ఆ ఒక్క లెక్కతోనే పోయింది. మిగతావి అంత సులువుగా పోలేదు.

51/68ని ముట్టుకోకుండా వదిలేసింది. "దేంతోనూ పోదు" అంది. 17 ఎక్కం ఆమెకు రాదు కాబట్టి ఆమె లెక్కలో అది నిజమే.

చివరి రెండు లెక్కలూ పద్ధతి కంటే అర్థానికి సంబంధించినవి. మిశ్రమ భిన్నం 3 12/18లో పూర్ణాంకం 3ని కింది 18తో కొట్టి 1 12/6 చేసి, జవాబు 3 అని రాసింది. "3 కిలోలలో 750 గ్రాములు ఎంత భాగం?" అంటే 750/3 రాసి 250 అని చెప్పింది.

ఏది ముందు సరిచేయాలి

ఇన్ని తప్పులు కనిపించగానే చాలామంది చేసే పని ఒకటే. భాజనీయతా సూత్రాలన్నీ ఒక చార్టు రాసి గోడకు అంటించడం. 2కి చివరి అంకె, 3కి అంకెల మొత్తం, 4కి చివరి రెండంకెలు, 11కి ఒకటి విడిచి ఒకటి కూడి తేడా. ఈ కేసులో ముందుగా ఆ పని చేసి ఉంటే నష్టమే జరిగేది. 8/15లో పైకీ కిందికీ వేరు వేరు ఎక్కాలు వాడే పిల్లకు ఇంకో నాలుగు ఎక్కాలు చేతికిస్తే తప్పులు ఇంకా వేగంగా వస్తాయి.

లోపాలు మూడు. ఒకటి, కొట్టేయడం అంటే పైనా కిందా ఒకే సంఖ్యతో భాగించడం అన్న స్పృహ లేదు. రెండు, ఎప్పుడు ఆపాలో చెప్పే పరీక్ష ఏదీ చేతిలో లేదు. మూడు, 12 దాటిన కారణాంకాలు కంటికి ఆనడం లేదు. సరిచేయాల్సింది ఈ వరుసలోనే. రెండోది సరిగ్గా కుదిరితే మూడోది చాలావరకు దానంతట అదే తీరిపోతుంది. ఈ కేసులో చెప్పుకోదగ్గ సంగతి అదే.

గీత మానేయించడం

మొదట చేసింది కొట్టే గీతను పూర్తిగా మానేయించడం. దాని బదులు ప్రతి మెట్టునూ విడదీసి రాయాలి:

36/48 = (2 × 18)/(2 × 24) = 18/24

పక్కన మార్జిన్‌లో "÷2, ÷2" అని రెండుసార్లు రాయాలి, పైదానికొకటి, కిందిదానికొకటి. రెండూ ఒకే సంఖ్య కాకపోతే అది చెల్లదు. 8/15కి మళ్లీ అట్లా చేయబోయి మార్జిన్‌లో "÷2, ÷3" అని రాసుకుని, తనే కొట్టేసుకుంది. 7/21 దగ్గర (7 × 1)/(7 × 3) అని రాయాల్సి వచ్చినప్పుడు ఆ 1 కనిపించక తప్పలేదు. విడదీసి రాయడం నిదానంగా సాగుతుంది, పిల్లలకు విసుగొస్తుంది. కానీ ఈ దశలో వేగం అవసరం లేదు.

ఒకే సంఖ్యతో భాగిస్తే విలువ ఎందుకు మారదు అన్నది మాటల్లో చెబితే తలూపుతారు, నమ్మరు. గళ్ల నోటుబుక్కులో 12 నిలువు వరుసలు, 4 అడ్డ వరుసలు గీయించాం. మొత్తం 48 గళ్లు. ఎడమ నుంచి 9 నిలువు వరుసలకు రంగు వేస్తే 36 గళ్లు నిండుతాయి, అదే 36/48. ఇప్పుడు గళ్లను మరిచిపోయి నిలువు వరుసలే లెక్కపెడితే 12లో 9. మూడేసి వరుసల చుట్టూ పెన్సిలుతో చుట్టేస్తే నాలుగు కట్టలు, వాటిలో మూడు రంగువి. రంగు ఒక్క గడి కూడా పెరగలేదు, తరగలేదు. 36/48, 9/12, 3/4 మూడూ ఒకే బొమ్మ. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. 36 గళ్లకు ఇష్టమొచ్చిన చోట రంగు వేయనిస్తే ఈ కట్టలు కట్టడం కుదరదు, బొమ్మ ఏమీ చెప్పదు. నిలువు వరుసలు నిండుగా రంగు వేయించాలి. ఇంకా, 9/12 దగ్గర ఆగిపోయే పిల్లకు మూడేసి వరుసలు కట్టే ఈ చివరి మెట్టే అసలు పాఠం. దాన్ని మనం చూపించకూడదు, "ఇంకా పెద్ద కట్టలు కట్టగలవా?" అని అడిగి ఊరుకోవాలి.

ఆపే పరీక్ష

ఏడో తరగతికి వచ్చేసరికి గ.సా.భా (రెండు సంఖ్యలనూ నిశ్శేషంగా భాగించే అతి పెద్ద సంఖ్య) కనుక్కుని దానితో ఒక్కసారే భాగించమని నేర్పుతారు. పద్ధతి తప్పేమీ కాదు. చిన్న సంఖ్యలకు మాత్రం అది అనవసరం. 36/48ని మూడు మెట్లలో చేసినా, 12తో ఒక్క మెట్టులో చేసినా చేరేది 3/4కే. చిక్కల్లా మెట్లు మెట్లుగా చేసేవాళ్లకు చివరి మెట్టు ఏదో తెలియకపోవడం దగ్గరే. గ.సా.భా చేసేవాళ్లకూ ఇదే ఇబ్బంది, కాస్త వేరే రూపంలో. ప్రధాన కారణాంకాలుగా విడగొట్టేటప్పుడు 91 దగ్గరో 119 దగ్గరో ఆగి, అవి ప్రధాన సంఖ్యలే అనుకుంటారు. పైగా పరీక్ష హడావుడిలో గ.సా.భా, క.సా.గు (రెండు సంఖ్యలతోనూ నిశ్శేషంగా పోయే అతి చిన్న సంఖ్య) రెండూ కలగాపులగం అయిపోతాయి. 12, 18 ఇస్తే 36 రాసి, దానితో భాగించడానికి తంటాలు పడేవాళ్లు తక్కువేమీ కాదు.

ఈ అమ్మాయికి నేర్పింది తేడా పరీక్ష. లవం, హారం రెండింటినీ ఒక సంఖ్య నిశ్శేషంగా భాగిస్తే, వాటి తేడానూ అదే సంఖ్య నిశ్శేషంగా భాగించి తీరాలి. ఎందుకంటే రెండూ ఏడేసి గింజల కుప్పలతో చేసినవైతే, ఒకదాంట్లోంచి ఇంకోదాన్ని తీసేసినా మిగిలేది ఏడేసి కుప్పలే, విడి గింజలు మిగలవు. కాబట్టి ఉమ్మడి కారణాంకం కోసం ఊరంతా వెతకనక్కర్లేదు, తేడా కారణాంకాల్లోనే వెతికితే చాలు.

9/12లో తేడా 3. ఇంకా పోతే 3తోనే పోవాలి. 9 పోతుంది, 12 పోతుంది, 3/4. ఇప్పుడు తేడా 1. తేడా 1 వచ్చిందంటే ఇంకేమీ చూడకుండా ఆపేయొచ్చు. 9/15లో తేడా 6, కాబట్టి 2 లేదా 3. 9 బేసి సంఖ్య కాబట్టి 2 కాదు, 3తో భాగిస్తే 3/5. తేడా 2, రెండూ బేసి సంఖ్యలే, అయిపోయింది.

51/68 దగ్గర దీని బలం కనిపించింది. తేడా 17. అది ప్రధాన సంఖ్య, కాబట్టి పోతే పదిహేడుతోనే పోవాలి, లేదంటే అసలు పోదు. 17 మూళ్లు 51, 17 నాలుగులు 68. ఎక్కం రాకపోయినా చిన్న భాగహారంతో తేలిపోయింది. 57/76లో తేడా 19, 87/116లో తేడా 29, రెండూ 3/4కే వస్తాయి. 91/119లో తేడా 28, దాని ప్రధాన కారణాంకాలు 2, 7. రెండూ బేసి సంఖ్యలు కాబట్టి 2 లేదు, మిగిలింది 7 ఒక్కటే. 13/17. తేడా 4, ఆపేయాలి. ప్రధాన కారణాంకాల పద్ధతిలో 221/299 చేయమంటే పిల్లలు 2, 3, 5, 7, 11 ప్రయత్నించి అలిసిపోయి వదిలేస్తారు. తేడా చూస్తే 78, అంటే 2 × 3 × 13. 2 పోదు. 221 అంకెల మొత్తం 5, కాబట్టి 3 పోదు. ఇక 13 ఒక్కటే మిగిలింది. 13తో భాగిస్తే 17/23.

తేడా లవం కంటే పెద్దదైతే తేడాతో పనిలేదు. 12/175లో తేడా 163, దాని కారణాంకాలు వెతకడం వృథా శ్రమ. లవం 12కు ప్రధాన కారణాంకాలు 2, 3 మాత్రమే. 175 బేసి సంఖ్య, అంకెల మొత్తం 13, అక్కడితో తేలిపోయింది. కాబట్టి అసలు నియమం ఇది: లవం, తేడా రెండింటిలో ఏది చిన్నదో దాని ప్రధాన కారణాంకాలు మాత్రమే పరీక్షించాలి. లవమే హారం కంటే పెద్దదైతే ముందు భాగించి శేషం తీసుకోవాలి. 84/36లో 84 నుంచి రెండు 36లు తీస్తే 12 మిగులుతుంది, 36 కూడా 12తో నిశ్శేషంగా పోతుంది, కాబట్టి 12తోనే భాగిస్తే 7/3.

ఇది ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ పేరుతో చెప్పుకునే, గ.సా.భా కనుక్కునే భాగహార పద్ధతికి చిన్న ముక్కే. పూర్తి పద్ధతిలో శేషం సున్నా వచ్చేదాకా వెళ్లాలి. ఇక్కడ ప్రధాన కారణాంకాలు సులువుగా కనిపించేంత చిన్న సంఖ్య రాగానే ఆగిపోతాం. పిల్లలకు ఈ తేడా చెప్పనక్కర్లేదు.

ఒక తప్పు మాత్రం ఇక్కడ కొత్తగా పుట్టింది. 27/63లో లవం 27కు ప్రధాన కారణాంకం 3 ఒక్కటే. మూడుతో భాగించి 9/21 రాసి, "మూడు అయిపోయింది" అని ఆపేసింది. ఒకసారి వాడిన సంఖ్య మళ్లీ పనికిరాదనుకుంది. దీనికి మందు ఒక్కటే: భాగించిన ప్రతిసారీ పరీక్ష మళ్లీ మొదటినుంచి చేయాలి. దీన్ని చూపించడానికి 875/1000 కంటే మంచి లెక్క దొరకదు. బెల్లం తూకంతో పరిచయమున్న ఊరు కాబట్టి కిలోలో 875 గ్రాములు అని ఇచ్చాం. తేడా 125, అందులో ఉన్నది 5 ఒక్కటే. 175/200, తేడా 25. మళ్లీ అయిదే. 35/40, తేడా 5. మళ్లీ అయిదే. 7/8, తేడా 1. తేడాలను పక్కన వరుసగా రాస్తే 125, 25, 5, 1. ఎప్పుడు ఆపాలో ఆ వరుసే చెబుతుంది. జవాబు సరిచూసుకోవడం ఇంట్లోనే అవుతుంది: 875 అంటే ముప్పావు కిలో మీద అరపావు. ముప్పావు అంటే ఎనిమిదింట ఆరు, అరపావు అంటే ఎనిమిదింట ఒకటి, మొత్తం ఎనిమిదింట ఏడు.

కనిష్ఠ రూపం అంటే చిన్న అంకెలు కాదు

తేడా పరీక్ష వచ్చాక కూడా ఒక నమ్మకం మిగిలింది. కనిష్ఠ రూపం అంటే 3/4, 2/5 లాంటి చిన్న చిన్న అంకెలే ఉంటాయని. దీన్ని పోగొట్టడానికి తిరుపతి మెట్ల లెక్క ఇచ్చాం. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. రెండోది మొదటిదాంట్లో ఎంత భాగం?

2388/3550. రెండూ సరి సంఖ్యలు, 1194/1775. తేడా 581. దీని కారణాంకాలు చటుక్కున కనిపించవు. అట్లాంటప్పుడు తేడానే మళ్లీ వాడాలి. 1194లో రెండు 581లు తీస్తే 32. ఉమ్మడి కారణాంకం ఏదైనా ఉంటే అది 32లోనూ ఉండాలి, 32లో ఉన్నది 2 ఒక్కటే, 1775 బేసి సంఖ్య. కాబట్టి 1194/1775 దగ్గర ఆగాలి. అమ్మాయి నమ్మలేక ఇంకాసేపు ప్రయత్నించింది. చివరికి "మూడింట రెండు అని రాస్తే సరిపోదా సార్?" అని అడిగింది. మంచి ప్రశ్న. దారిలో ఎవరైనా అడిగితే మూడింట రెండు వంతులు అని చెప్పడమే తెలివైన పని. కానీ అది ఉజ్జాయింపు. కనిష్ఠ రూపంలో విలువ వెంట్రుకవాసి కూడా మారకూడదు. సమాధానాల్లోంచి ఒకటి ఎంచుకునే నవోదయ ప్రవేశ పరీక్ష లాంటివాటికి చదివే పిల్లలకు ఈ రెండింటి తేడా తప్పక తెలియాలి.

మిశ్రమ భిన్నం, కూడిక, కొలతలు

3 12/18లో మూడుకూ పద్దెనిమిదికీ కొట్టడం ఎక్కడినుంచి వచ్చిందో నోటుబుక్కులో ముందు పేజీలు తిప్పితే దొరికింది. అక్కడ 3 × 12/18 అనే లెక్క ఉంది. దాంట్లో మూడును పద్దెనిమిదితో కొట్టడం సరైనదే, జవాబు 2. మిశ్రమ భిన్నంలో 3కూ 12/18కీ మధ్య రాయకుండా వదిలేసిన గుర్తు గుణకారం కాదు, కూడిక. కొన్నాళ్లు 3 + 12/18 అని ప్లస్ పెట్టి రాయించాం. 12/18 తగ్గి 2/3 అవుతుంది, 3 కదలదు, 3 2/3. అనుమానం ఉంటే 66/18గా మార్చి తగ్గిస్తే 11/3, అదీ ఇంతే.

కూడికలో కొట్టేయడం దీనికంటే ప్రమాదకరం. 3/4 × 8/9లో ముందే అడ్డంగా కొట్టి 2/3 తేవడం బడిలోనే నేర్పుతారు. అదే అలవాటుతో 3/4 + 8/9లో కొడితే 1 + 2/3, అంటే 1 2/3 వస్తుంది. సరైన జవాబు 59/36, అంటే 1 23/36. తప్పు జవాబు 60/36, సరైనది 59/36! ఉజ్జాయింపు వేసి చూసినా ఈ తప్పు దొరకదు. కాబట్టి జవాబు చూసి కాదు, గుర్తు చూసి ఆపాలి. ప్లస్, మైనస్ ఉన్న లైనులో ఒక భిన్నం లవానికి ఇంకో భిన్నం హారంతో పనిలేదు. ఇదే రోగం (6 + 4)/6లో ఆరుకు ఆరు కొట్టి 4 రాయడంగా కనిపిస్తుంది, అసలు జవాబు 5/3. పై తరగతుల్లో (x + 4)/x లాంటివి వచ్చేసరికి ఇది ముదిరిపోతుంది, అప్పుడు వదిలించడం చాలా కష్టం.

కొలతల సంగతి చిన్నదే. 750 గ్రాములు, 3 కిలోలు ఒకే భిన్నంలో రావాలంటే ముందు రెండూ గ్రాములు కావాలి: 750/3000, 1/4. కొంత భాగం ఎంత అని అడిగిన చోట జవాబు 250 వస్తే ఆగి చూడాలి. భాగం మొత్తం కంటే పెద్దది కాదు కదా.

చివరి పేపరులో ఏం మిగిలింది

చివరి పేపరులో మూడోవంతు లెక్కలు అసలు తగ్గనివే పెట్టాం. 8/15, 21/41, 35/48 లాంటివి. వాటి పక్కన "ఇదే కనిష్ఠ రూపం" అని రాసి, ఏ సంఖ్యలతో పరీక్షించిందో కూడా రాయాలి. 35/48కి పక్కన "తేడా 13, 35 పోదు" అని రాసింది. చాలినంత జవాబు.

పాత తప్పుల్లో ఏదీ మళ్లీ రాలేదు. కొత్తది ఒకటి వచ్చింది. 143/187లో తీసివేత తప్పి, తేడా 44 బదులు 54 అని రాసింది. 54లో 2, 3 మాత్రమే ఉన్నాయి, 143 బేసి సంఖ్య, అంకెల మొత్తం 8. కనిష్ఠ రూపమే అని ధీమాగా తేల్చేసింది. అసలు తేడా 44లో 11 ఉంది, జవాబు 13/17. ఈ పద్ధతికి ఉన్న బలహీనత ఇదే. తీసివేత తప్పితే పరీక్ష మొత్తం తప్పుతుంది, పైగా తప్పినట్టు ఎక్కడా కనిపించదు. అందుకని మూడంకెల సంఖ్యలు వచ్చినప్పుడు తేడాను లవానికి తిరిగి కూడి హారం వస్తోందా అని చూడమన్నాం. 143 + 54 = 197, 187 కాదు. ఒక్క కూడికతో తేలిపోతుంది.

ఇంకొకటి, 10/20 లాంటి వాటిక్కూడా తేడా తీసి కూర్చుంటోంది. దాన్ని సరిచేయడం తొందరేమీ కాదు. కంటికి కనిపించే చోట పిల్లలు నాలుగు రోజుల్లో తామే మానేస్తారు.

గీతను తిరిగి ఇచ్చింది మాత్రం చివర్లో, ఒక షరతు మీద. కొట్టిన ప్రతి అంకె పక్కన వచ్చిన భాగఫలం చిన్నగా రాయాలి, అది 1 అయినా సరే. మార్జిన్‌లో దేనితో భాగించిందో ఒక్కసారి రాస్తే చాలు, రెండుసార్లు అక్కర్లేదు. భిన్నాల గుణకారం లెక్కలు మళ్లీ మొదలయ్యేలోపే గీతను ఇచ్చేయాలి, ఎందుకంటే అక్కడ మూడు నాలుగు భిన్నాలు వరుసగా వస్తాయి, విడదీసి రాస్తూ పోతే పేజీ నిండిపోయి ఏ సంఖ్య ఎక్కడిదో తెలియకుండా పోతుంది.